వరదానం బుగ్గ మీది చుక్క

వరదానం అనేవాడు నన్ను నిలువునా ముంచాడు. పదిమంది పెద్దల ఎదుట నా పరువు తీశాడు. నా నేల కాజేశాడు. అంతా అయ్యాక నా మొహంలోకి చూసి నవ్వాడు కూడా. వాడి వయసు ఎనిమిది నెలలు.

మా ఊరి క్రైస్తవుల పేటలో దోనె నడుపుకునే యోబు కొడుకు వాడు. నోట్లో రెండే పళ్ళు. పాకడం కూడా సరిగా రాదు. పాకడం రానివాడే ఇంత పని చేశాడంటే, రేపు నడక వస్తే ఏం చేస్తాడో, చదువు వస్తే ఇంకేం చేస్తాడో, ఏలూరు కచేరీల వారే ఆలోచించుకోవాలి!

అందుచేత నేను తీరికగా కూర్చుని ఒక నిశ్చయానికి వచ్చాను, మహాశయులారా. మా కొల్లేటి ఊళ్ళలో ఉయ్యాలలు అటకెక్కాయనీ, బారసాల పిలుపులు కరువయ్యాయనీ ముసలివాళ్ళు ముక్కులు చీదుతున్నారు. ఎందుకండీ ఆ ఏడుపు? పిల్లలు పుట్టడం తగ్గితే చాలదు, బొత్తిగా ఆగిపోవాలి! అప్పుడు గాని దేశం బాగుపడదు.

నేను పెద్ద చదువరిని కాను. థర్డు ఫారం గుమ్మం దాకా వెళ్ళి, లోపల లెక్కల మేష్టారు కనబడేసరికి వెనక్కి వచ్చేసినవాణ్ణి. కాబట్టి ఇంగ్లీషు పుస్తకాల సాక్ష్యం నా దగ్గర లేదు. కళ్ళతో చూసిందే చెబుతాను.

మా బడి సంగతే తీసుకోండి. లోగడ మేష్టారు నలభై మంది కేకల మధ్య కునుకు తీయవలసి వచ్చేది. పాపం, మధ్యమధ్య లేచి ఎవణ్ణో ఒకణ్ణి కొట్టి మళ్ళీ పడుకునేవారు. ఇప్పుడు బడిలో చేతివేళ్ళకు సరిపడా పిల్లలు. భోజనం చేసి పడుకుంటే మళ్ళీ సాయంత్రం గంటకే మెలకువ. మనిషి కాస్త ఒళ్ళు కూడా చేశారు. విద్యాశాఖకు ఇంతకన్నా అభివృద్ధి ఏం కావాలి?

జామకాయ అనేది చెట్టు మీద పండుతుందని మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. పిందె పట్టగానే కుర్రాళ్ళు రాళ్ళు రువ్వి రాల్చేసేవాళ్ళు. పోయిన ఏడు మొదటిసారిగా చెట్టు మీద పసుపు పచ్చటి పండు చూశాం. చెట్టుకు కామెర్లు వచ్చాయేమోనని కొందరు భయపడ్డారు కూడా.

మంత్రసాని మరియమ్మకు పూర్వం ఒక పురుడు పోసి ఇంటికి పోయేలోగా ఇంకో ఇంటి నుంచి కబురు వచ్చేది. ఇప్పుడు వాకిట్లో కూర్చుని తుంగచాపలు అల్లుకుంటోంది. చాప ఏడవదు. చాపకు ఉగ్గు పెట్టక్కర్లేదు. చాపకు ఎవరి తాతగారి పేరు పెట్టాలని రెండు వైపులవాళ్ళూ కొట్టుకోరు!

ఈ భాగ్యం మనకు ఊరికే పట్టలేదండోయ్. దీని వెనక ఎంతమంది కష్టం ఉందో!

మొదటి నమస్కారం శారదా చట్టం చేసిన పెద్దలకు. లోగడ పెళ్ళికూతుర్ని నిద్రలోనే ఎత్తుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టేవాళ్ళం. తాళి పడ్డాక లేచి కళ్ళు నులుముకునేది. అప్పటికి ఆమె చేయగలిగింది ఏమీ లేదు. ఇప్పుడు పద్నాలుగేళ్ళు నిండితే గాని పీటలెక్కించకూడదట. ఆ వయసు పిల్ల పీటల మీద మెలకువగా ఉంటుంది! మెలకువగా ఉన్న పెళ్ళికూతురు ఎంత ప్రమాదమో ఎవరైనా ఆలోచించారా? పెళ్ళికొడుకు మొహం చూస్తుంది. చూసి ప్రశ్నలు వేస్తుంది.

రెండో నమస్కారం స్కూలు ఫైనలు పరీక్షకు. అది ప్యాసయితే గాని కుర్రాడు పెళ్ళి వద్దంటాడు. ప్యాసయ్యాక ఉద్యోగం దొరికితే గాని వద్దంటాడు. దొరికాక ఖాయమైతే గాని వద్దంటాడు. ఉద్యోగం ఖాయమయ్యేసరికి నెత్తి మీద జుట్టు ఖాయంగా ఉండదు.

ఇక సైకిలు! పూర్వం ఎడ్లబండిలో ఎంతమందినైనా కుక్కేవాళ్ళం. ఇప్పటి దొరబాబుకి సైకిలే బండి. వెనక క్యారియరు మీద భార్య, ముందు కడ్డీ మీద ఒక పిల్ల. రెండో పిల్లను ఎక్కడ కూర్చోబెడతాడు? గంట మీదా? సైకిలు కంపెనీవాడు ఒక్క కడ్డీ తక్కువ వేసి ఎన్ని సంసారాలను అదుపులో పెట్టాడో చూశారా!

ఏలూరు ఆడపిల్లల బడిలో ఎలిజబెత్ టీచరుగారని ఒకరున్నారు. పెళ్ళి చేసుకోలేదు. చేతికి వాచీ, చంకలో గొడుగు, మొహం మీద ఎప్పుడూ ఒక చిన్న నవ్వు. ఆవిడ ఎవరికీ ఏ బోధా చేయదు. ఊరికే అలా బజారులో నడిచిపోతుంది, అంతే! ఆడపిల్లలు ఆవిణ్ణి చూస్తారు. ఇంటికి వెళ్ళి తల్లిని చూస్తారు. ఆ తల్లికి చంకలో ఒకడు, కొంగు పట్టుకుని ఒకడు, కడుపులో ఇంకొకడు. మళ్ళీ టీచరుగారిని తలుచుకుంటారు. లెక్క ఎటు తేలుతుందో నేను చెప్పాలా?

మా ఇంట్లో ఈ భాగ్యం ఇంకాస్త ఎక్కువే పండింది. మా అబ్బాయి మల్లికార్జునరావు తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు గుమాస్తా. మా కోడలు రత్నమాల ఏలూరులో టీచరు ట్రైనింగు చదువుతోంది. పెళ్ళయి మూడేళ్ళు. ఆదివారం నాడు వాడు ఆ బండి దిగి, ఆమె ఈ బండి దిగి, భీమడోలు స్టేషనులో కలుసుకుంటారు. బెంచీ మీద కూర్చుని వేరుశనగకాయలు తింటూ కబుర్లు చెప్పుకుంటారు. ఎవరి బండి రాగానే వాళ్ళు ఎక్కేస్తారు. బండి ఆలస్యమైన వారాల్లో ఇంకో పావుగంట కాపురం!

"స్టేషను దాకా వచ్చినవాళ్ళు ఇంటిదాకా రాలేరటండీ?" అని మా ఆవిడ శేషారత్నం సణుగుతుంది. నేను మాత్రం సంతోషించాను. పిల్లలు లేకపోవడం భాగ్యమని నమ్మేవాణ్ణి కదా!

కాకపోతే మాఘమాసం దగ్గర పడుతోంది. అక్కడ వచ్చింది చిక్కు.

మా ఊరు కొల్లేటి మధ్య ఒక దిబ్బ. వానాకాలమంతా చుట్టూ నీళ్ళు. మాఘమాసానికి నీరు తగ్గి నల్లటి నేల బయటపడుతుంది. ఆ నేల ఏ ఒక్కరిదీ కాదు. ఏటేటా తలకింత అని పంచుకుని దాళవా వరి వేసుకుంటాం. ముసలివాళ్ళదీ తలే, ఉయ్యాలలో బిడ్డదీ తలే. తలకు ముప్పై అయిదు సెంట్లు. సొంతంగా నాకున్న కాస్తా ధాన్యం ధర పడిపోయిన ఏడాది షావుకారు పాలయింది. కాబట్టి మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బురద వాటాతోనే.

లోగడ మా ఇంటి వాటాకు తాడు వేసి కొలవాలంటే కొలిచేవాళ్ళ చేతులు పడిపోయేవి, అన్ని తలలు! ఇప్పుడో? మా అమ్మ వెంకటనరసమ్మ, నేను, శేషారత్నం, సెలవులకు వచ్చే కోడలు. అబ్బాయి ఉద్యోగం పరాయి ఊళ్ళో కాబట్టి లెక్కలోకి రాడు. ఇంకొక్క తల ఉంటే ఎంత బాగుండును!

పండగ సెలవులకు కోడలు ఇంటికి వచ్చినప్పుడు మెల్లగా కదిపాను.

"ఏమ్మా, మరి... మాకేమైనా మంచి కబురుందా?"

"ఈ ట్రైనింగు పూర్తి కానివ్వండి మావయ్యగారూ."

"మాఘమాసం వచ్చేస్తోందమ్మా!"

"మాఘమాసానికీ దీనికీ ఏమిటండీ సంబంధం?"

చూశారా, రైతు బిడ్డ అయి ఉండి అడగవలసిన మాటేనా? తాడు, తల, వాటా అన్నీ విడమరిచి చెప్పాను. ఆమె కింద చూస్తూ విన్నది. తరవాత నెమ్మదిగా అంది:

"మా అక్క ఆరో పురిట్లో పోయిందండీ. దానికప్పుడు ఇరవై నాలుగేళ్ళు."

"అయ్యో, నేను ఆరుగుర్ని అడగడం లేదు కదమ్మా! ఒక్కణ్ణే."

"దాన్నీ మొదట ఒక్కణ్ణే అడిగారండీ."

ఇదీ ఆడపిల్లల చదువు! పెద్దవాళ్ళకు నోట మాట లేకుండా చేయడానికే ఆ బళ్ళు పెట్టారు. మా అమ్మ మాత్రం ఆ మాట విని వేళ్ళు ముడుస్తూ ఏదో లెక్కపెట్టుకుంది. పదకొండు మందిని కని నలుగుర్ని దక్కించుకున్న మనిషి. ఎవరి పక్షమో ఏమీ తేల్చలేదు.

సరే, నాకూ బుర్ర ఉంది. సొంత తల లేకపోతే అరువు తల! మా పేటవాళ్ళు పంపకంలో లేరు. ఆ నేల దున్నేది వాళ్ళే, నాట్లు వేసేది వాళ్ళే, కోసేది వాళ్ళే. అంతకన్నా వాళ్ళకు నేలతో పనేముంటుంది? కాబట్టి వాళ్ళ పిల్లలు లెక్కలో ఉండరు. లెక్కలో లేని పిల్లవాడు కొంచెంసేపు నా ఉయ్యాలలో ఉంటే ఎవరి సొమ్ము పోయింది? అయితే పేటలో కుర్రవాళ్ళు కూడా సగం మంది ఏలూరు జూటు మిల్లుకు పోయారు. ఆ ఏడు దిబ్బ మొత్తానికి ఉయ్యాల వయసువాడు ఒక్కడే. వరదానం!

ఆ సెలవుల్లోనే తలల లెక్క జరిగే రోజు వచ్చింది. ఆ పొద్దున్నే యోబు దగ్గరకు వెళ్ళాను.

"ఏమోయ్ యోబూ, మీవాణ్ణి ఒక్క పూట మా ఇంటికి పంపుతావా? కుంచెడు బియ్యం కొలిపిస్తాను."

"దేనికండీ?"

"ఏముందీ, ముచ్చటగా ఉంటాడని. ముద్దాడదామని."

"చిత్తమండి. ఇవాళ ఊళ్ళో అందరికీ ముద్దొచ్చేస్తున్నాడండి మావాడు. మధ్యాన్నం పంపిస్తానండి. పొద్దున్న ఖాళీ లేడండి."

ఎనిమిది నెలలవాడికి ఖాళీ లేకపోవడమేమిటని నేను ఆలోచించానా? లేదు! థర్డు ఫారంలోకి వెళ్ళి ఉంటే ఆలోచించేవాణ్ణేమో.

మా లెక్క పద్ధతి కూడా చెప్పాలి. కరణం జగన్నాథంగారు ఒక చిన్న ముంతలో కొల్లేటి నల్లబురద, ఆముదం కలిపి పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. లెక్కపెట్టిన ప్రతి తలకూ ఒక చుక్క పెడతారు. పెద్దవాళ్ళకు నుదుట, ఉయ్యాల బిడ్డకు బుగ్గ మీద. మా కొల్లేటి దేవత పెద్దింట్లమ్మ తల్లి సాక్షిగా పెట్టే చుక్క అది. పెట్టాక వెనక్కి తీసుకోకూడదు. చుక్క పడిన తలకు వాటా ఇచ్చి తీరాలి.

మధ్యాహ్నం యోబు భార్య సలోమి పిల్లవాణ్ణి దోనెలో పడుకోబెట్టుకుని వెనక కాలవలోంచి మా దొడ్లోకి వచ్చింది. ఇచ్చి, బియ్యం కొలిపించుకుని వెళ్ళింది. పేటవాళ్ళ కోడి మా దొడ్లో అడుగు పెడితే పసుపు నీళ్ళు చల్లే మా అమ్మ, తానే ఎదురెళ్ళి వాణ్ణి అందుకుంది. ముప్పై అయిదు సెంట్లు ఎంత మడినైనా కడిగేస్తాయి సుమండీ! అటక మీది పనసచెక్క ఉయ్యాల దించి, దులిపి, వాణ్ణి పడుకోబెట్టాం.

"ఒసే రత్నం, వీడి బుగ్గ మీద నల్లగా ఏమిటో అంటింది. తుడవనా?" అన్నాను నేను శేషారత్నంతో.

మా అమ్మ నా చెయ్యి విదిలించి కొట్టింది. "దిష్టి చుక్కరా అది! కన్నతల్లి పెట్టుకున్న దిష్టి చుక్క తుడుస్తావా? అదిగో, అరికాల్లో కూడా పెట్టింది. ఎంత జాగ్రత్తగల పిల్లో!"

బుగ్గ మీద, అరికాల్లో. ఏ తల్లయినా పెట్టేది అక్కడే కదా! నేను చెయ్యి తీసేశాను.

కరణంగారు వచ్చారు. మా ముగ్గురి నుదుటా చుక్కలు పడ్డాయి. గుమ్మం పక్కన నిలబడ్డ కోడలికీ పడింది. అప్పుడు నేను గొంతు సవరించుకుని, "మా మనవడండీ. కోడలు మొన్ననే ముదినేపల్లి నుంచి, పుట్టింటి నుంచి తీసుకొచ్చింది" అన్నాను.

కరణంగారు ఉయ్యాల మీదకు వంగారు. అంతే! వరదానం పాత స్నేహితుణ్ణి చూసినట్టు కిలకిలా నవ్వి ఆయన కళ్ళజోడు లాగేశాడు.

"వీణ్ణి ఎక్కడో చూశానే!" అన్నారాయన.

"మా వంశం పోలికండి. అందరికీ అలాగే అనిపిస్తుంది" అంది మా అమ్మ.

ఆయన కళ్ళజోడు విడిపించుకుని పెట్టుకున్నారు. బుగ్గ చూశారు. ముంతలో వేలు ముంచి, ఆ వేలు పిల్లవాడి బుగ్గ పక్కన పెట్టి చూశారు. ఒకటే నలుపు, ఒకటే మెరుపు.

"అది దిష్టి చుక్కండి, తుడవకండి బాబూ!" అంది మా అమ్మ.

"తుడవను తల్లీ. ఇది నేను పెట్టిందే" అన్నారు కరణంగారు. పిల్లవాడి కాలెత్తి అరికాలు చూశారు. "ఇదీ నేను పెట్టిందే. అప్పుడు మొహం మీద గుడ్డ కప్పుకుని నిద్రపోతున్నాడు దొంగవెధవ." తరవాత కోడలి వైపు తిరిగి, "ఏమ్మా, నీ కొడుకేనా?" అన్నారు.

రత్నమాల చేతులు కట్టుకుని నిలబడింది. "ఈ బాబుని నేను ఇవాళే చూస్తున్నానండీ. చాలా బాగున్నాడు" అంది.

పంచాయితీ మునసబుగారి అరుగు మీద పెట్టారు. మునసబుగారు మీసం దువ్వుకుంటూ, "గంగరాజూ, ఊరినే మోసం చేస్తావుటయ్యా! ఎంత సిగ్గుచేటు!" అన్నారు. పక్కన మా వీధి అబ్బులు కూడా ఉన్నాడు. ఆయనకన్నా గట్టిగా చీదరించుకున్నాడు. "ఛీ ఛీ, పసిబిడ్డను పెట్టుకుని వ్యాపారమటండీ!"

మునసబుగారి భార్య సూర్యకాంతమ్మగారు తలుపు చాటు నుంచి వరదానాన్ని చూసి గబుక్కున లోపలికి వెళ్ళిపోయారు. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు.

ఇంతలో యోబు వచ్చాడు. అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మావాడికి పాలు తాగే వేళయిందండి. తీసుకుపోదామని వచ్చానండి."

"తీసుకుపో" అన్నారు మునసబుగారు.

"చిత్తమండి. మరి చుక్క పడిన తలకు వాటా అన్నది తమరి మాటేగదండి. మావాడికి రెండు పడ్డాయండి."

"పేటవాడికి వాటా ఏమిట్రా!"

"లేదంటే లేదండి, మాకేమండి. కాకపోతే ఆ చుక్కలు ఏ ఇంటి ఉయ్యాలలో పడ్డాయో, ఎవరు ఎన్ని కుంచాలిచ్చారో ఇక్కడ చెప్పమంటారేమోనని నిలబడ్డానండి. పొద్దున్నుంచీ మా సలోమి దోనె ఎక్కడెక్కడ ఆగిందో వరసగా..."

మునసబుగారికి ఒక్కసారిగా దగ్గు వచ్చింది. అబ్బులు ఆకాశంలో గూడబాతులను చూడసాగాడు. కరణంగారు ముంతలోకి చూసుకున్నారు. చూశారా మహాశయులారా! ఊరంతా పిల్లల్ని కనడం మానేసింది గాని, వాటా అడగడం మానలేదు. ఉన్న ఒక్క పిల్లాడు ఇంటింటికీ మనవడయ్యాడు!

దగ్గు తగ్గాక మునసబుగారు తీర్పు చెప్పారు. ఆలస్యం లేదు, అప్పీలు లేదు. "తల్లి సాక్షిగా పడిన చుక్క. వెనక్కి తీయడానికి లేదు. పిల్లవాడికి రెండు వాటాలు ఇవ్వవలసిందే. పిల్లవాడు ఏ ఇంట్లో దొరికాడో ఆ ఇంటి వాటాల్లోంచే ఇవ్వాలి."

దొరికింది మా ఇంట్లో! చుక్క పెట్టించుకున్నవాళ్ళు తీర్పు చెప్పేవాళ్ళు, చుక్క పెట్టించలేకపోయినవాడు దొంగ. యోబు దండం పెట్టి కొడుకుని భుజాన వేసుకున్నాడు. ఆ భుజం మీంచే వాడు నన్ను చూసి నవ్వింది. రెండు పళ్ళూ కనబడ్డాయి.

మర్నాడు కోడలు ఏలూరు ప్రయాణమైంది. గుమ్మం దగ్గర ఆగి అడిగింది:

"మావయ్యగారూ, మీకు బిడ్డ కావాలాండీ, వాటా కావాలాండీ?"

"రెండూ ఒకటే కదమ్మా!"

"కాదండీ. వేరువేరని మీకు తోచిన రోజున కబురు పంపండి. భీమడోలు నుంచి ఇంటిదాకా ఇద్దరం వస్తాం."

ఆ మాటకు అర్థమేమిటో ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. శేషారత్నానికి మాత్రం వెంటనే అర్థమైనట్టుంది. ఆ రోజు నాకు మజ్జిగ పోయలేదు.

దించిన ఉయ్యాలను ఖాళీగా ఉంచకూడదని మా అమ్మ పట్టుబట్టి దాన్ని కూడా యోబుకే పంపించేసింది. నాట్లు వేసే రోజుల్లో రోజూ చూస్తున్నాను. చేను గట్టున నాలుగు కర్రలు పాతి, మీద తుంగచాప కప్పి, ఆ నీడలో మా పనస ఉయ్యాల కట్టారు. అందులో పడుకుని వరదానం తన పొలం తాను చూసుకుంటున్నాడు. మా అమ్మ మధ్యాహ్నం కర్ర పట్టుకుని అటే వెళుతోంది. గాలికోసమట! గాలి మా వాకిట్లో లేదూ?

కాబట్టి మళ్ళీ చెబుతున్నాను, పిల్లలు పుట్టకూడదు. కాదూ కూడదు, పుట్టే తీరుతారంటారా? అలాగైతే ఊరికి ఒక్కడే పుట్టకూడదు. ఇంటికొకడు చొప్పున ఉండాలి. మా ఇంటి ఉయ్యాలలో మావాడే ఉంటే పేట దాకా పోవలసిన కర్మ నాకేమిటి? ఆ బెంచీ మీద వేరుశనగ తొక్కలు ఊడ్చుకునే స్టేషనువారైనా ఈ సంగతి కాస్త ఆలోచించి ఏదో ఒక బండి రద్దు చేస్తే బాగుండును. ఈ లోపల నాకు జరిగిన నష్టం చదువరులు గుర్తుంచుకుంటే చాలు. నల్లటి నేల, నీటి పక్క నేల, నా చేతి కింద పండవలసిన నేల: డెబ్బై సెంట్లు. గట్టు కాక!